వైరు వదులైందట

ఇంటి నుంచి,
గురువారం మధ్యాహ్నం.

తమ్ముడూ,

నీ ఒంట్లో ఎలా ఉంది, ఆ కొండమీద చలి ఎలా ఉంది, ఇవన్నీ తర్వాత అడుగుతాను. ముందు నా గోల విను. కీబోర్డూ మౌసూ రెండూ ఒకేసారి చచ్చిపోయాయి. ఈ పొద్దున్నే. తెర మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. బాణం గుర్తు నట్టనడుమ బిగుసుకుపోయి కూర్చుంది, అటూ జరగదు, ఇటూ జరగదు.

మీ బావకి ఆ పెట్టె తప్ప వేరే నోరు లేదని నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ పాడు జబ్బు ముందు గొంతు పట్టుకుపోయింది, తర్వాత కాళ్లు, ఎడమ చెయ్యి, ఆ తర్వాత కుడిచేతిలో ఒక్కో వేలూ. చివరికి చూపుడువేలు ఒక్కటి మిగిలింది. దాంతో ఆయన ఒక్కో అక్షరం నొక్కితే, నువ్వు పెట్టిపోయిన ప్రోగ్రాము దాన్ని పైకి చదివేది. ఆ గొంతు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా ఉందని నేనెంత ఎగతాళి చేసేదాన్నో నీకు తెలుసు కదా. ఇప్పుడది వినపడక ఇల్లంతా బోసిగా ఉంది.

ముప్పై ఏళ్లు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, వీధి వీధంతటికీ కీబోర్డు వంక చూడకుండా పదివేళ్లతో టైపు కొట్టడం నేర్పిన మనిషిరా. నువ్వూ నేనూ ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లమే. ఇప్పుడు ఆయనతో నా సంభాషణ ఏమిటంటే, కళ్లు ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. నేను అడిగినదానికే జవాబు. నేను అడగనిది ఏదన్నా ఉంటే అది ఆయన లోపలే ఉండిపోతుంది.

నీకు ఫోన్ చేద్దామంటే మీ కొండ చుట్టుపక్కల ఫోన్లే పనిచేయనివ్వరు. ఆకాశంలోంచి వచ్చే సన్నటి సంకేతాలు పట్టే గిన్నెలట, మన ఫోన్ల రొద వాటికి పడదట. ఎక్కడో నక్షత్రాలు ఏం గుసగుసలాడుకుంటున్నాయో వినడానికి నిన్ను జీతమిచ్చి పెట్టుకున్నారు. ఇక్కడ మీ బావ గోడు వినే దిక్కు లేదు.

ఏం చెయ్యాలో వివరంగా రాయి, పసిపిల్లకి చెప్పినట్టు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తాను. బావమరిది బాగుచేస్తాడు అని ఆయనతో చెప్పాను.

మీ అక్క.


కొండమీద క్వార్టర్స్,
ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం నిన్న సరుకుల లారీలో వచ్చింది. ఆ లారీ వారానికొక్కసారే వస్తుంది కాబట్టి నా జవాబు నీకు చేరేసరికి మరో వారం. ఆఫీసులో ల్యాండ్‌లైను ఒకటి ఉంది కానీ ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోనివ్వరు.

బావా, మీరూ వింటున్నారు కదా. మీ శిష్యుల్లోకెల్లా మొద్దు శిష్యుణ్ణి, నా చేతిలో పడ్డాక మీ కీబోర్డు బాగుపడక చస్తుందా? కంగారు పడకండి. మా అక్కకి వైరుకీ తాడుకీ తేడా తెలియదు, అందుకని ఎక్కువ నేను మీకే చెప్తున్నాననుకోండి.

ఇక వైద్యం. అక్కా, కంప్యూటరు పెట్టె వెనకవైపు చూడు. కీబోర్డు వైరూ మౌసు వైరూ చప్పిడి మూతులతో రెండు కన్నాల్లో దూరి ఉంటాయి. రెంటినీ లాగెయ్. పక్కనే ఇంకో రెండు కన్నాలుంటాయి, వాటిలో పెట్టు. దూరకపోతే తిరగేసి పెట్టు, బలవంతం చెయ్యకు. నీ బలం నాకు తెలుసు.

దానికీ లొంగకపోతే మొత్తం ఆపేసి, గోడకున్న ప్లగ్గు కూడా పీకేసి, తాపీగా టీ తాగి రా. పది నిమిషాలయ్యాక మళ్లీ పెట్టు. రెండూ ఒకేసారి ఆగాయంటే రెండూ పాడవ్వడం అరుదు. ఎక్కువసార్లు పెట్టెకే మతి తప్పుతుంది, ఆపి వేస్తే మతి వస్తుంది.

కీబోర్డు మీద కుడిపక్క పైన చిన్న చిన్న లైట్లు ఉంటాయి. అవి వెలుగుతున్నాయో లేదో నాకు తప్పకుండా రాయి. వెలుగుతుంటే దానికి కరెంటు అందుతున్నట్టు. చివరగా, కింద వాటాలో కుట్టుపనావిడకి కంప్యూటరు ఉందన్నావు కదా, మన కీబోర్డు తీసుకెళ్లి దానికి తగిలించి చూడు. అక్కడ పనిచేస్తే తప్పు మన పెట్టెది, అక్కడా చెయ్యకపోతే తప్పు కీబోర్డుది.

నేనే వచ్చి చూసేవాణ్ణి. ఇంకో టెక్నీషియను కాలు విరగ్గొట్టుకుని పడుకున్నాడు, సెలవు దొరికేలా లేదు. ఏమీ అనుకోకండి.

తమ్ముడు.


ఇంటి నుంచి,
సోమవారం.

తమ్ముడూ,

నీ వైద్యం అంతా పొల్లుపోకుండా చేశాను. నీ ఉత్తరం ఆయన ఎదురుగానే కూర్చుని చదివాను. నాకు వైరుకీ తాడుకీ తేడా తెలియదన్నావు చూడు, అది రెండుసార్లు చదివాను, నవ్వుతారేమోనని. నవ్వలేదు.

కన్నాలు మార్చాను. తిరగేసి పెట్టాను. ప్లగ్గు పీకాను, టీ తాగాను, మళ్లీ పెట్టాను. కీబోర్డు బోర్లించి దులిపితే రొట్టె పొడి, రెండు వెంట్రుకలు, ఎప్పుడో పోయిన చొక్కా గుండీ రాలాయి. అంతకుమించి ఒరిగిందేమీ లేదు. లైట్లు వెలగలేదు. కుట్టుపనావిడ దగ్గరికి తీసుకెళ్లాను, అక్కడా అంతే.

తమ్ముడూ, నాకు కాలూ చెయ్యీ ఆడటంలేదు. అట్టముక్క మీద అక్షరాలన్నీ పెద్దవిగా రాసి ఒక్కోదాని మీదా వేలు పెట్టి అడిగాను, ఇదా, ఇదా అని. కావలసిన అక్షరం వచ్చినప్పుడు కళ్లు మూస్తే చాలు కదా. నాలుగు అక్షరాలు దాటేలోపే ఆయన అసలు కళ్లే మూసేసుకున్నారు. మూసుకుని తెరవలేదు. అలిగిన మనిషిలా. రోజూ పొద్దునా సాయంత్రం అట్ట పట్టుకుని కూర్చుంటున్నాను, రోజూ అంతే. ఆకలా అంటే చెప్తారు. నొప్పా అంటే చెప్తారు. మాట్లాడతారా అంటే మాత్రం కళ్లు మూతపడిపోతాయి.

మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు బల్లంతా శుభ్రంగా తుడిచాను. మౌసు కింద ఎర్రలైటు దగ్గర ఇంత దుమ్ము పేరుకుని ఉంది, పుల్లకి దూది చుట్టి అదీ తుడిచాను. ఏ దుమ్ము వల్ల ఆగిందో ఏమో, ఎవరు చెప్పొచ్చారు.

ఇంకేదన్నా ఉంటే రాయి. ఏదో ఒకటి రాయి. ఉత్తరం చదువుతున్నంతసేపన్నా ఆయన నా వంక చూస్తారేమోనని నా ఆశ.

మీ అక్క.


కొండమీద క్వార్టర్స్,
శనివారం.

అక్కా,

బావ అలగడం నేను నమ్మను. టైపు పరీక్షలో నలభై తప్పులు చేసినప్పుడు కూడా నా మీద అలగని మనిషి. "తప్పులు కూడా వేగంగానే చేశావురా" అన్నారు, గుర్తుందా బావా?

లారీ డ్రైవరు చేతికి కొత్త కీబోర్డూ మౌసూ ఇచ్చి పంపుతున్నాను. మా స్టోరులో వెతికి వెతికి ఇదే ఎందుకు ఎంచానంటే దీని మీటలు మహా మెత్తన. పిచ్చుక వచ్చి వాలినా అక్షరం పడుతుంది. బావ వేలికి శ్రమ ఉండదు. పాత వైరు తీసి కొత్తది పెట్టడమే, ఇంకేం చెయ్యక్కర్లేదు.

ఒక్కటి మాత్రం నా బుర్రకెక్కలేదు. కీబోర్డు లైట్లు వెలగలేదు, సరే. మౌసు కింద ఎర్రలైటు వెలుగుతోందా? వెలుగుతుంటేనే కదా అది ఎర్రలైటని నీకు తెలిసేది. కన్నంలోకి కరెంటు వస్తోందన్నమాట. అయినా కదలడంలేదంటే వింతే. కొత్తవి పెట్టి చూసి రాయి.

సెలవు సంగతి ఏమీ తేలలేదు.

తమ్ముడు.


ఇంటి నుంచి,
శుక్రవారం.

తమ్ముడూ,

కొత్తవి అందాయి. పెట్టాను. పనిచేయలేదు.

నువ్వు శ్రమపడి పంపావు, ఏమీ అనుకోకు. ఇక దీన్ని వదిలేద్దాం. ఆయన కూడా ఓపిక పట్టారు. ఈమధ్య తిండి కూడా సగమే లోపలికి పోతోంది, మింగుడుపడక కాదు, ఇష్టం లేక. నేను పక్కనే కూర్చుని వీధిలో ఎవరు పోతున్నారో, కుట్టుపనావిడ ఇవాళ ఎవరితో తగువేసుకుందో చెప్తూ ఉంటాను. వింటున్నారో లేదో తెలియదు. గోడకి చెప్పుకున్నట్టుంది.

నువ్వు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో.

మీ అక్క.


కొండమీద క్వార్టర్స్,
ఆదివారం.

(ఈ కాగితం బావకి చదివి వినిపించు. రెండోది నీకు మాత్రమే.)

బావా, కొత్త కీబోర్డుకీ దిష్టి తగిలిందట. ఇక్కడ మా పెద్ద ఇంజనీరుని అడిగాను, ఆయన తల గోక్కుని మళ్లీ చూద్దాం అన్నాడు. ఆకాశం ఆ చివర ఏముందో చెప్తాడు కానీ మన ఇంట్లో కీబోర్డు ఎందుకు ఆగిందో చెప్పలేడు. ఓపిక పట్టండి, దీని అంతు చూడకుండా వదలను.

*

అక్కా,

ఈ ముక్క పైకి చదవకు.

రెండు కీబోర్డులు, రెండు మౌసులు, రెండు కంప్యూటర్లు. అన్నీ ఒకేలా పనిచేయడం మానెయ్యడం జరగదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, జరగదు. ఎర్రలైటు గురించి అడిగితే నువ్వు జవాబే రాయలేదు. నీ మూడు ఉత్తరాలూ పక్కపక్కన పరిచి మళ్లీ చదివాను. కన్నాలు మార్చానన్నావు, బోర్లించి దులిపానన్నావు, చొక్కా గుండీ సంగతి కూడా రాశావు. నువ్వు వేలు పెట్టి నొక్కితే ఏమవుతుందో మాత్రం ఒక్కదానిలోనూ రాయలేదు.

నువ్వు నొక్కితే అక్షరం పడుతోందా అక్కా? ఈ ఒక్కదానికి జవాబు రాయి. అవునో కాదో.

తమ్ముడు.


ఇంటి నుంచి,
బుధవారం.

తమ్ముడూ,

అవును. పడుతోంది.

నేను నొక్కితే పాతదాని మీదా పడుతోంది, కొత్తదాని మీదా పడుతోంది. కుట్టుపనావిడ దగ్గరికి నేనసలు వెళ్లనేలేదు. చెప్పేశాను, ఇక నన్ను తిట్టాలనుకుంటే తిట్టు.

ఆ గురువారం పొద్దున ఎప్పట్లాగే ఆయన ఒళ్లో చెక్క పెట్టి, దాని మీద కీబోర్డు పెట్టి, వేలు మీట మీద ఆనించాను. ఆయన నొక్కుతున్నారు. వేలు మీట మీదే ఉంది, మీట దిగడంలేదు. ఎంతసేపటికో ఒకటి పడింది. మళ్లీ ఎంతసేపటికో ఇంకొకటి. నుదురంతా చెమట. ఆ వేలు వణకడం కూడా లేదురా, ఊరికే అలా ఆని ఉంది. తల ఎత్తి నా వంక చూశారు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. నా నోట్లోంచి, "ఇదేంటండీ, కీబోర్డు పాడైనట్టుంది" అని వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు. అన్నాక ఎలా నిలబెట్టుకోను? చూస్తానుండండి అని బల్ల వెనక్కి వంగి రెండు వైర్లూ పీకేశాను. ఇవతలికొచ్చి నేనూ నొక్కి చూపించాను. "చూడండి, నాకూ పడటంలేదు. మీ తప్పేం లేదు, ఇది చచ్చింది" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. హమ్మయ్య, నమ్మారు అనుకున్నాను.

ఇంకెవరైనా అయితే చెప్పేదాన్నేమో. టైపు మాస్టారికి, మీ వేలు మీట నొక్కలేకపోతోంది అని ఏ నోటితో చెప్పమంటావు? ముందురోజు సాయంత్రం మేమిద్దరం మాటామాటా అనుకున్నాం కూడా, అది వేరే సంగతి, కానీ మనసు అప్పటికే చివుక్కుమని ఉంది.

నీకు ఉత్తరం రాసింది కూడా ఆయన కోసమే. నువ్వేదో ఉపాయాలు రాస్తుంటే, నేను చదువుతుంటే, తప్పు పెట్టెదేనని ఆయనకి నమ్మకం కలుగుతుందని. నీ మొదటి ఉత్తరం చదివాక ఆయన ఎదురుగా వైర్లు మార్చినట్టు, ప్లగ్గు పీకినట్టు నాటకమాడాను. నా వయసుకి ఇదేం కర్మో చూడు.

కొత్తది వచ్చినప్పుడు మాత్రం ఆశపడ్డాను. నిజంగానే వైరు పెట్టాను. మీటలు మెత్తన అన్నావు కదా, పడుతుందేమో అనుకున్నాను. వేలు ఆనించి అరగంట కూర్చున్నాను. ఆయన ప్రయత్నం కూడా చెయ్యలేదు. వేలు అలా పడుంది. ఆ వేలు కూడా పోయిందిరా, ఇక ఏం లేదు. మళ్లీ వైరు పీకి, ఇదీ పాడైనదే పంపాడు అని నిన్ను తిట్టాను.

ఆయన నిద్రపోయినప్పుడు వైరు పెట్టి ఒక్కో మీటా నొక్కి చూసుకుంటాను, ఎంత తేలిగ్గా దిగుతుందో అని. ఇంత తేలికది, ఇంత చిన్నది.

ఏం చెయ్యమంటావో చెప్పు. నాకు తోచడంలేదు.

మీ అక్క.


కొండమీద క్వార్టర్స్,
ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం చదివి నిన్న డ్యూటీకి వెళ్లలేదు. నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. రెండు వాక్యాలు రాసి చించేశాను. తిట్టే మొహం నాది కాదు.

సెలవు దొరకడంలేదని రెండుసార్లు రాశాను కదా. నేనసలు అడగనే లేదక్కా. అడిగితే ఇస్తారేమోనని భయం. పోయినసారి వచ్చినప్పుడు బావ అరచెయ్యి ఎత్తి మౌసు మీద పెట్టాను. ఆ చెయ్యి బరువే లేదు. అది చూసే పారిపోయి వచ్చాను. ఇక్కడికొచ్చి, ఫోన్లు లేని చోటు దొరికింది కదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్న వెధవని.

కాలు విరిగినవాడి కాలు బాగానే ఉంది, ఇప్పుడు మెట్లెక్కి దిగుతున్నాడు. ఇవాళ సెలవు అడిగాను. అడిగిన ఐదు నిమిషాలకి ఇచ్చారు. వచ్చే శనివారం లారీలో ఈ ఉత్తరం వస్తుంది, ఆ పై శనివారం లారీలో నేను దిగుతాను, నాలుగు రోజులుంటాను.

వేలు పోతే పోయింది. ఒళ్లు మొత్తంలో ఏదో ఒకటి కదులుతుంది. కనుబొమ్మో, దవడో, ఏదైనా సరే. ఒక్క నొక్కు చాలు. తెర మీద అక్షరాల వరసలు వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోయేలా పెడతాను. కావలసిన వరస వెలిగినప్పుడు ఒక నొక్కు, ఆ వరసలో కావలసిన అక్షరం వెలిగినప్పుడు ఇంకో నొక్కు. ఆలస్యమవుతుంది కానీ మాట వస్తుంది. ఇది నీ మొదటి ఉత్తరానికే నీకు చెప్పాల్సింది. ఆ వేలు కాస్తో కూస్తో పలుకుతున్నప్పుడే మొదలుపెడితే ఎంత బాగుండేదో. రెండు నెలలు పోయాయి. నువ్వు నిజం రాయక, నేను రాక.

ఒక్క పని చెయ్యి. నేనొచ్చేలోపు బావకి నిజం చెప్పు. నువ్వు చెప్తేనే బాగుంటుంది.

తమ్ముడు.


ఇంటి నుంచి,
ఆదివారం.

తమ్ముడూ,

నువ్వెళ్లి నిన్నటికి పదిహేడు రోజులు.

నిజం చెప్పమని నాకు నీతులు రాశావు. నేను చెప్పలేకపోయాను, ఒప్పుకుంటాను. నువ్వేం చేశావు? సంచి దించి, బల్ల వెనక్కి దూరి, ఇవతలికొచ్చి చెయ్యి దులుపుకుంటూ, "ఏం లేదు బావా, వైరు వదులైంది, అంతే" అన్నావు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. అక్క ఎంతో తమ్ముడూ అంతే అనుకున్నాను.

కుడికాలి బొటనవేలు కదులుతుందని కనిపెట్టావు, పాత మౌసు విప్పి అందులో మీటని దాని కింద అమర్చావు, అంతా బాగానే ఉంది. నువ్వున్న నాలుగు రోజులూ నీ మాట కాదనలేక ఆ మనిషి వేలు ఆడించి చూపించారు. నువ్వు లారీ ఎక్కాక ఆడించలేదు. తెర మీద పచ్చటి గడి వరసల మీంచి జరుగుతూ పోతుంది, చివరికంటా పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఆయన చూస్తూ కూర్చునేవారు. నేను కాలివేలు చూస్తూ కూర్చునేదాన్ని. వారం రోజులు ఇదే భాగవతం. నా ఓపిక ఎక్కడికక్కడ తెగిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున నేను పక్కదుప్పటి మారుస్తుంటే టక్కుమని చప్పుడైంది. నేను తిరిగి చూసేసరికి ఒక అక్షరం పడి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక ప్రశ్న తయారైంది. రైల్వే స్టేషను గొంతు అది చదివింది. నేను చేతిలో కంచం కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆ తర్వాత మొత్తం చెప్పాను, నీకు రాసిందంతా, ఒక్క ముక్క దాచకుండా. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆయన కన్నీళ్లు నేనే తుడవాలి కదా, ముందు ఆయనవి తుడిచి తర్వాత నావి తుడుచుకున్నాను.

ఆ ప్రశ్న ఏమిటో నేను రాయను. రాయడానికి నాకు చెయ్యి రావడంలేదు. ఆయనే నీకు ఉత్తరం రాస్తానన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. ఇవాళ్టికి పూర్తయితే కుట్టుపనావిడ ప్రింటు తీసిచ్చింది. ఇందులో పెట్టాను. నేను చదివాను, ఆయన చదవమంటేనే చదివాను.

మీ అక్క.


కుర్చీలోంచి,
తొమ్మిదో రోజు.

బావమరిదీ,

చిన్న చిన్న వాక్యాలు రాస్తాను. కాలివేలు అలిసిపోతుంది.

మీ అక్కని నేను అడిగింది ఇది. "నా మాట వినడం నీకు ఎందుకు ఇష్టం లేకపోయింది?"

ఆ గురువారం తను వైర్లు పీకడం నాకు తెలుసు. కీబోర్డు నా ఒళ్లో ఉంది. తను బల్ల వెనక్కి వంగింది. లైటు ఆరిపోయింది. ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను, ఆ మాత్రం తెలియదా? ఇవతలికొచ్చి పాడైందంది.

ముందురోజు సాయంత్రం నేను ఒకటి టైపు చేశాను. నన్ను రోగుల్ని చూసుకునే చోట ఎక్కడైనా చేర్పించు, నీ నడుం విరిగిపోతోంది అని. తనకి కోపం వచ్చింది. "ఇంకోసారి ఆ మాట కొట్టారంటే ఈ కీబోర్డు పీకి అవతల పారేస్తాను" అంది. కోపంలో అన్నమాట. ఇప్పుడు అడిగితే అలా అన్నట్టు తనకి గుర్తే లేదు.

తెల్లారి పీకేసింది. నేనేమనుకోవాలి?

నా వేలు ఆగలేదు అప్పటికి. నెమ్మదించింది. పది నొక్కితే మూడు పడుతున్నాయి. మూడు నాకు చాలు. తను పడని ఏడూ చూసింది. నేను మూడు చూసుకున్నాను.

ఆ పొద్దున నేను కొట్టబోయింది ఆ మాట కూడా కాదు. కిటికీ వెయ్యమని. చలేస్తోంది.

అట్ట మీద అక్షరాలు చూపిస్తే కళ్లు మూసుకున్నాను. నా నోరు మూసినవాళ్లే మాట్లాడమంటే ఒళ్లు మండింది. నువ్వు కొత్త కీబోర్డు పంపావు. దాన్ని నేను నొక్కలేదు. నొక్కితే మళ్లీ పీకుతుందనుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు మనసు మార్చుకుని, దుప్పటి కింద వేలు కదిపి చూసుకున్నాను. కదల్లేదు. నా పంతంతో నేనే కొన్ని రోజులు పోగొట్టుకున్నాను. అది మీ అక్క లెక్కలో వెయ్యకు.

రెండు నెలలు మీ అక్క నాకు తిండి పెట్టింది, కబుర్లు చెప్పింది, ఒళ్లు తుడిచింది. నేనంటే విసిగిపోయింది అనుకుంటూనే అవన్నీ చేయించుకున్నాను. తను నా బాధ చూడలేక చేసిందట. ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం రా.

నువ్వొచ్చావు. నువ్వు నిజం చెప్తావనుకున్నాను. వైరు వదులైందన్నావు. నీ మీద కోపం లేదు. నీ మొహం చూశాను కదా.

ఈ కాలివేలు కూడా ఒకరోజు ఆగిపోతుంది. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు మెషిను పాడైందని ఎవరూ అనకండి. ఎవరూ ఎవరికీ ఉత్తరాలు రాయకండి. ముందు నాతో చెప్పండి.

మీ బావ.